రెండు బల్లల మధ్య జానెడు

ఎనాస్ ఎష్ గడ్డం తీయించుకున్న రోజున ఆయన్ని కారులో ఎక్కించుకుని వెళ్ళింది నేనే. తిరిగి తెచ్చి ఇంటి దగ్గర దింపిందీ నేనే. కత్తెర పట్టుకోలేదు, అదొక్కటే తక్కువ.

ఇది చెప్పాలంటే ముందు మా పెరటి కంచె గురించి చెప్పాలి. మా వారు తేజేశ్వర్‌కి పెన్సిల్వేనియాలో, లాంకస్టర్ దగ్గర ఒక ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం వచ్చింది. ఇల్లు చూపించిన ఏజెంటు కంచె అవతలికి చెయ్యి చాపి "అటు వెళ్తే రెండు వందల ఏళ్ళు వెనక్కి" అన్నాడు. అటు చూస్తే నిజంగానే కరెంటు తీగ లేని ఇల్లు, తీగ మీద ఆరేసిన నల్ల ప్యాంట్లు, ఆరు కంచరగాడిదలను కట్టి పొలం దున్నుతున్న గడ్డం మనిషి. ఆయనే ఎనాస్. ఇవతల నేను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, డిస్టింక్షన్, వీసా ప్రకారం ఈ దేశంలో జీతం తీసుకుని ఏ పనీ చెయ్యకూడని మనిషిని. కంచెకి అటూ ఇటూ ఎవరి కట్టుబాట్లు వాళ్ళకున్నాయన్నమాట.

ఎనాస్ వాళ్ళు అమిష్, పాతకాలం పద్ధతులు వదలని క్రైస్తవ సంఘం. వాళ్ళు కారు కొనరు, నడపరు. ఇంకొకరు నడిపితే ఎక్కుతారు. ఈ సంగతి నాకు ఎనాస్ భార్య లవీనా వల్ల తెలిసింది. వాళ్ళకి ముగ్గురాడపిల్లలు. చిన్నది రూతీకి పన్ను నొప్పి వచ్చిన ఉదయం లవీనా కంచె దగ్గరికొచ్చి, "నీకు కారుంది కదా" అంది. ఉపోద్ఘాతం లేదు. వాళ్ళలో గారూ లేదు, మేడమూ లేదు. బిషప్పునైనా పేరు పెట్టే పిలుస్తారు. నా పేరు జ్ఞానప్రసూన అని చెబితే కాసేపు అవస్థపడి, జ్ఞానం వదిలేసి ప్రసూన మాత్రం ఉంచుకుంది. సరైన పనే చేసిందని తర్వాత చాలాసార్లు అనిపించింది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. నేనే ఇక్కడ తెలుగులోకి దించుకుంటున్నాను.

ఆ పన్నుతో మొదలై గుడ్డల కొట్టు, కళ్ళ డాక్టరు, ఎక్కడో పురిటి ఇల్లు, ఇంకెక్కడో చావు. డబ్బిస్తానంటే వీసా సంగతి చెప్పి వద్దన్నాను. బదులుగా గుడ్లు, బీట్‌రూట్లు, మొక్కజొన్న పొత్తులు కంచె దాటి వచ్చేవి.

"సో బేసిక్‌గా, అమ్మా, నువ్వు వాళ్ళ ఊబర్" అంది మా నైనిక. దానికి పదిహేనేళ్ళు. "ఫైవ్ స్టార్స్ కూడా ఇవ్వరు, పూర్ థింగ్."

"ఇమిగ్రేషన్ వాళ్ళు చూస్తే బీట్‌రూట్ కూడా ఇన్‌కమ్ అంటారు. జాగ్రత్తగా వండు" అన్నారు మా వారు.

రోడ్డుకి అవతలి పొలం ఐవన్ నోల్ట్‌ది. ఆయన మెనోనైట్, అమిష్‌కి దగ్గరి చుట్టంలాంటి ఇంకో సంఘం. దూరం నించి చూస్తే ఇద్దరూ ఒకటే, అదే టోపీ, అవే పట్టీల ప్యాంట్లు, అదే గుర్రబ్బండి. దగ్గరికెళ్తే ఎనాస్ బండి బూడిదరంగు, ఐవన్‌ది నలుపు. ఐవన్ ఇంట్లో కరెంటుంది, గోడకి ఫోనుంది, పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. ఎనాస్ ఫోను దొడ్డి చివర, స్నానాలగది అంత చెక్క గదిలో ఉంటుంది. పిల్లలకి సైకిలు లేదు, కాలితో నెట్టుకునే స్కూటరే. అన్నిటికన్నా పెద్ద తేడా, ఐవన్‌కి ట్రాక్టరుంది. దానికి రబ్బరు టైర్లుండవు, పళ్ళున్న ఇనప చక్రాలుంటాయి. రోడ్డెక్కితే వంద రేకు డబ్బాలు దొర్లినట్టు చప్పుడు. రబ్బరు టైర్లిస్తే కుర్రకారు ట్రాక్టరెక్కి ఊళ్ళ మీద పడతారనీ, కారు కొనిచ్చినట్టే అవుతుందనీ వాళ్ళ పెద్దల భయం.

ఎనాస్ దగ్గరా ఇంజన్లున్నాయి. ఎండుగడ్డిని మోపులు కట్టే యంత్రం మీద డీజిల్ ఇంజను గడగడలాడుతూ ఉంటుంది. అయితే ఆ యంత్రాన్ని పొలంలో లాగేది మాత్రం కంచరగాడిదలే.

"ఇంజను తప్పు కాదా మరి?" అని ఆయన్నే అడిగాను ఒకసారి.

"ఇంజను తప్పు కాదు. అది మనిషిని ఎటు తీసుకెళ్తుందో, అది చూసుకోవాలి."

"ఐవన్ ట్రాక్టరు ఎటు తీసుకెళ్తుంది? ఇనప చక్రాలతో ఎంత దూరమని పోతుంది?"

"దూరం పోదు" అన్నాడు. "కాని ఒక్కడితో పనైపోతుంది. ఒక్కడితో అయ్యే పనికి పొరుగువాణ్ణి పిలవరు."

మా నైనిక ఇదంతా 'వియర్డ్' అంటుంది. నాకు వింతేమీ అనిపించలేదు. మా అమ్మమ్మ తెనాలిలో ఇంటికి కుళాయి వచ్చాక కూడా పదేళ్ళు మడికి బావి నీళ్ళే తోడింది. కుళాయి లోపల తోలు వాషరుంటుందట. అదే బావికి మోటారు బిగిస్తే కిక్కురుమనలేదు. గీత ఎక్కడ గీయాలో గీసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. కాకపోతే, ఇక్కడే నేను తప్పులో కాలేశాను. అమ్మమ్మ మడికి ఎప్పుడూ ఒక దొడ్డిదారి ఉండేది. పట్టుచీర కట్టుకుంటే సరి, నెయ్యి వేస్తే సరి, మనవరాలు ఏడిస్తే మరీ సరి. వీళ్ళకీ ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందనుకున్నాను.

ముందటేడు సెప్టెంబరులో గడ్డి యంత్రంలో తాడు చిక్కుకుంది. ఎనాస్ ఇంజను ఆపకుండా చెయ్యి పెట్టాడు. మోచేతి కింద కుడిచెయ్యి పోయింది. ఆయన్ని అంబులెన్సు తీసుకెళ్తే లవీనా నా కారులో వచ్చింది. దారి పొడవునా ఒళ్ళో ఆయన టోపీ. టోపీకి అంటుకున్న గడ్డిపోచలు ఒక్కొక్కటే ఏరింది. కారు అద్దం ఎలా దించాలో తెలియకో, అడగడం ఇష్టంలేకో, వాటిని ఆసుపత్రి దాకా గుప్పెట్లోనే ఉంచుకుంది.

చలికాలమంతా కట్లు, తర్వాత ఉక్కు కొక్కెం. ఆసుపత్రి యంత్రాలకి వాళ్ళ సంఘంలో అభ్యంతరం లేదు. మార్చి మొదట్లో ఎనాస్ నాగలి కట్టాడు. ఆరు జంతువుల పగ్గాలు ఎడమచేతిలో, సాయానికి కొక్కెం. నేను కంచె దగ్గర గోంగూరకి మట్టి తిరగేస్తున్నాను. రెండో చాలు మలుపులో ఒకటి బెదిరింది. పగ్గం కొక్కేనికి మెలిపడింది. నలభై గజాలు ఈడ్చుకుపోయాయి. లేచి, నోట్లో మన్ను ఊసి, ముందు జంతువుల కాళ్ళకి దెబ్బలేమైనా తగిలాయేమో తడిమి చూశాడు. ఆ తర్వాత నాగలి మీద కూచుని, లవీనా పరిగెత్తుకొచ్చేదాకా లేవలేదు.

రెండ్రోజుల్లో చుట్టుపక్కల అమిష్ వాళ్ళు పద్నాలుగు నాగళ్ళతో వచ్చి ఒక్క పూటలో పొలమంతా దున్నేశారు. ఆడవాళ్ళు వంటలు తెచ్చారు. నేనూ పులిహోర పట్టుకెళ్ళాను. మర్యాదగా తిన్నారు, మంచినీళ్ళు చాలా తాగారు. ఎనాస్ వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. నలభై ఆరేళ్ళు. చిన్నప్పటినించీ ఆ పొలంలో ఇంకొకళ్ళ నాగలి దిగడం చూడలేదట.

"ఎంత మంచివాళ్ళండీ అందరూ" అన్నాను. వాళ్ళెవరూ గారు వాడకపోయినా, పరాయి మగవాణ్ణి నేను ఇంగ్లీషులో కూడా మనసులో మీరనే అంటాను.

"మంచివాళ్ళే" అన్నాడు. "నా దినం భోజనాలకి నేనే వచ్చినట్టుంది."

బిషప్పు కూడా మంచివాడే. ఇక్కడ చెడ్డవాళ్ళెవరైనా దొరికితే నాకు కథ చెప్పడం తేలికయ్యేది. "పొలం కౌలుకివ్వు ఎనాస్, పూలమొక్కల షెడ్డు పెట్టుకో. మేమంతా కలిసి కట్టిస్తాం" అన్నాడట. ఎనాస్‌కి పూలమొక్కలు అక్కర్లేదు, పొలం కావాలి. ట్రాక్టరైతే ఒంటిచేత్తో నడపొచ్చు. అమిష్ సంఘం ట్రాక్టరుని పొలంలో దిగనివ్వదు. దిగనిచ్చే సంఘం రోడ్డుకి అవతలే ఉంది.

గురువారాలు ఆయన్ని చేతి వ్యాయామానికి తీసుకెళ్ళడం నా పని. దున్నకాలు అయిన వారం, తిరిగొస్తుంటే, "ఐవన్ దగ్గర కాస్త ఆపుతావా? విత్తనాల సంగతి" అన్నాడు.

విత్తనాల సంగతి కాదని అయిదు నిమిషాల్లో తెలిసింది. ఐవన్ ట్రాక్టరు స్టార్ట్ చేసి పక్కకి జరిగాడు. ఎనాస్ ఎక్కాడు. మొక్కజొన్న మోళ్ళ మీద ఒక్క చాలు వెళ్ళి తిరిగొచ్చాడు. దిగాక ఎడమచేతిని ప్యాంటుకి అటూ ఇటూ తుడుచుకున్నాడు, ఎవరూ చూడకుండా వంటింట్లో ఏదో తిన్న పిల్లాడిలాగా.

అలా ఎనిమిది గురువారాలు. "ఇవాళా ఆలస్యమైందే" అనేది లవీనా. "ట్రాఫిక్కు" అనేదాన్ని. మా రోడ్డు మీద ట్రాఫిక్కంటే ఒక ఆవు. ఇందులో నాకు సరదాగా ఉండేదని ఒప్పుకోవాలి. కాలేజీలో ఫ్రెండు ప్రేమలేఖలు చేరవేసినప్పటి సరదా. పైగా పుణ్యకార్యం కూడానూ.

ఆరో గురువారమో ఏడో గురువారమో, కారులో ఆ సంగతి ఆయనే ఎత్తాడు.

"వాళ్ళ సంఘంలో చేరితే పాత ట్రాక్టరు ఇస్తానంటున్నాడు ఐవన్."

"చేరండి మరి" అన్నాను. "దేవుడు మారడు, బైబిలు మారదు, పొలం మారదు. మా వారు ఆరేళ్ళలో మూడు కంపెనీలు మారారు. పేపర్లు ట్రాన్స్‌ఫర్ చేసుకోవడమే."

ఆయన నవ్వాడు. చెయ్యి పోయాక అదే నవ్వడం. నవ్వు ఆగాక అన్నాడు, "మీ ఆయన సంతకం పెట్టాడు. నేను పందొమ్మిదేళ్ళప్పుడు బాప్తిస్మంలో మోకాళ్ళ మీద కూచుని మాటిచ్చాను. ఆ మాట ఇవ్వకముందు ఎటు పోయినా ఎవరూ అడగరు. ఇచ్చాక పోతే వెలి."

"వెలి అంటే ఏం చేస్తారు? కొడతారా?"

"కొట్టరు. తిట్టరు కూడా." కిటికీలోంచి పొలాలవైపు చూశాడు. "లవీనా కూడా మాటిచ్చిందే కదా."

అప్పుడు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను.

"ఆడవాళ్ళం సర్దుకుంటాం లెండి."

ఎమ్మెస్సీ సర్టిఫికెట్టు సూట్‌కేసు అడుగున పెట్టి నేను సర్దుకున్నాను. మా అమ్మ సర్దుకుంది. తోలు వాషరుతో మా అమ్మమ్మ కూడా చివరికి సర్దుకుంది. సర్దుకోని ఆడది ఒకతి ఉంటుందని నాకు తట్టనే లేదు.

మెనోనైట్ మగవాళ్ళకి గడ్డం ఉండదు. ఏప్రిల్ చివరి గురువారం ఐవన్ వంటింట్లో కుర్చీ వేసి, మెడ చుట్టూ తువ్వాలు చుట్టి, కత్తెరా కరెంటు రేజరూ పెట్టి తీసేశారు. పెళ్ళైన రోజునించీ పెంచిన గడ్డం. ఐవన్ భార్య చీపురుతో ఎత్తి, చెత్తబుట్ట ముందు ఆగి, ఏం చెయ్యమంటావన్నట్టు నా వంక చూసింది. నాకేం తెలుసు? తిరుపతిలో అయితే ఆ పనికి వేరే మనుషులుంటారు. రేజరు కింద బయటపడ్డ చర్మం, అప్పుడే మట్టిలోంచి లాగిన ముల్లంగిలా ఉంది. గడ్డం లేకుండా చూస్తే ఆయనకి దవడ చిన్నది.

లవీనా బట్టలారేస్తోంది. కారు దిగిన మనిషిని చూసి, ఎవరు కావాలని అడగబోయినట్టు నోరు తెరిచింది. మూసింది. చేతిలో ఉన్నది ఆయన చొక్కాయే. క్లిప్పు పెట్టకుండా తీగ మీద వేసింది. అది జారి గడ్డిలో పడింది. ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, నా దగ్గరికొచ్చింది.

"గురువారాలు ట్రాఫిక్కు ఎక్కువగా ఉండేదన్నమాట."

కారు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"నన్నడగొచ్చు కదా ప్రసూనా. కంచె దగ్గరే ఉంటాను."

"పొలం లేకపోతే బతికేట్టు లేడు లవీనా. నీకూ కనిపిస్తూనే ఉంది."

"చచ్చిపోతే పక్కన కూచుని ఏడవనిస్తారు" అంది. "ఇప్పుడు పక్కన కూచుని తిననివ్వరు."

చొక్కా తీసి, దులిపి, మళ్ళీ తొట్టిలో వేసింది ఉతకడానికి.

వాళ్ళ సంఘం తొందరపడలేదు. పెద్దలు రెండుసార్లు వచ్చి వరండాలో కూచుని వెళ్ళారు. ఈలోగా మే నెల వచ్చింది, ఎనాస్ ఇనప చక్రాల ట్రాక్టరుతో మొక్కజొన్న విత్తాడు. సీటు మీద ఎంత నిటారుగా ఉండేవాడో. ఇంటివైపు తిరిగిన ప్రతిసారీ భుజాలు దిగేవి, అటు తిరగ్గానే లేచేవి. జూన్‌లో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, ఆడా మగా ఒక్కొక్కళ్ళనీ అడిగి వెలి వేశారు. లవీనానీ అడిగారట. తల ఊపిందట. నైనిక "దట్స్ క్రూయల్" అంది. మా వారు "నోటీస్ పీరియడ్ అయితే ఇచ్చారుగా" అని, నా మొహం చూసి టీవీ సౌండు పెంచుకున్నారు.

ఆ వారంలోనే గుడ్ల బుట్ట తిరిగివ్వడానికి వెళ్ళాను. సాయంత్రం అయిదు, వాళ్ళ రాత్రి భోజనం వేళ. ఎప్పుడూ ఉండే పొడుగు బల్ల పక్కన ఇంకో చిన్న బల్ల వేసి ఉంది. రెండింటికీ మధ్య జానెడు ఎడం. రెండింటి మీదా కలిపి ఒకటే తెల్లగుడ్డ. గుమ్మంలోంచి చూస్తే ఒకే బల్ల అనుకుంటాం. చిన్న బల్ల దగ్గర ఎనాస్, చుట్టూ ముగ్గురు కూతుళ్ళు. పెద్దది మలిండాకి పందొమ్మిది నిండబోతున్నాయి. పిల్లలింకా బాప్తిస్మం తీసుకోలేదు, మాటివ్వనివాళ్ళకి వెలి పట్టింపు లేదు. పొడుగు బల్ల దగ్గర లవీనా ఒక్కతే. బంగాళాదుంపల గిన్నె ఆయన చేతికివ్వలేదు. గుడ్డ మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడాయన అందుకున్నాడు.

నేను ఎటు కూచోవాలో తెలియక నిలబడ్డాను.

"ఎటైనా కూచో. నీకేం, నువ్వు మా దానివి కాదుగా" అంది.

ఆమె పక్కనే కూచున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. "మా అమ్మమ్మ కూడా మడిలో ఉంటే ఇంతే. ఏదీ చేతికివ్వదు, కింద పెడితే తీసుకోవాలి" అన్నాను.

లవీనా మొదటిసారి నా వంక సరిగ్గా చూసింది. "మళ్ళీ ఎప్పుడు ముట్టుకునేది?"

"వంటయ్యాక. తనే మడి విడిచేసేది. లేకపోతే మేమే స్నానం చేసొస్తే సరి."

"రోజూనా?"

"రోజూ."

"అదృష్టవంతులు" అంది. వెటకారం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వరండా పక్క గదిలో కొత్తగా ఒక ఒంటరి మంచం కనిపించింది. దాని సంగతి అడగలేదు.

వెలిపడ్డవాడు బండి తోలితే వాళ్ళు ఎక్కకూడదు. నేను తోలే కారుకి ఆ నిషేధం లేదు. వెనక సీటు ఒకటే, మధ్యలో ఎడం పెట్టడం కారు చేసినవాళ్ళకి తోచలేదు. లవీనాకి ఎప్పుడూ ఊళ్ళో ఏదో పని ఉండేలా, అది గురువారమే పడేలా నేను చూసేదాన్ని. ముందు సీటులో ఇరవై పౌన్ల సోనామసూరి బస్తా కూచోబెట్టి బెల్టు కూడా పెట్టేదాన్ని.

మూడో వారం లవీనా అడిగింది. "ఈ బియ్యం ప్రతి గురువారం ఎక్కడికెళ్తోంది?"

"దానికీ థెరపీ."

ఎనాస్ కిటికీవైపు తిరిగాడు. లవీనా నవ్వలేదు కాని వెనక సీటులోనే కూచుంది. అటువైపు వంతెన బాగుచేస్తున్నారని చెప్పి పొడుగు దారిలో తీసుకెళ్ళేదాన్ని. ఏ వంతెన అని ఇద్దరూ అడగలేదు. ఆమె ఒక ఆపిల్ కోసి, ముక్కలు సీటు మీద ఇద్దరికీ మధ్య రుమాలులో పెట్టేది. ఆయన తీసుకునేవాడు. ఒకసారి గతుకులో కారు ఎగిరితే ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది, కొక్కెం ఉన్నవైపు. తర్వాతి స్టాప్ సైను దాకా వదల్లేదు. అద్దంలో చూస్తున్నానని గుర్తొచ్చి నేను అద్దం పైకి తిప్పేశాను. దొడ్డిదారి దొరికిందని ఆ వేసవంతా నాకు నేనే చెప్పుకున్నాను.

మలిండా ఆ వేసవిలోనే బాప్తిస్మం పాఠాలకి వెళ్తోందని నాకు ఆగస్టులో తెలిసింది. ఫోను గది దగ్గర దొరికితే అడిగాను.

"ఇంకో ఏడాది ఆగకూడదూ?"

"నాన్న కూడా అదే అడిగాడు." ఆ పిల్లకి వాళ్ళమ్మ గొంతే. "అక్టోబరులో బాప్తిస్మం కాకపోతే నవంబరులో నా పెళ్ళి లేదు. ఏడాదాగినా, రెండేళ్ళాగినా, అప్పుడైనా తీసుకోవలసిందే కదా ప్రసూనా. ఆ రోజైనా ఆ బల్ల దగ్గరనించి లేవాలి."

"నువ్వూ ఐవన్ వాళ్ళలోకి వెళ్ళిపోతే?"

"అప్పుడు అమ్మ దగ్గర ఎవరు కూచుంటారు?"



మొక్కజొన్న ఆ ఏడు అందరికన్నా ఎనాస్‌కే ఏపుగా వచ్చింది. రోడ్డున పోయేవాళ్ళు బళ్ళాపి చూశారు. మనిషిని మించి ఎత్తు, ఒక్కో కర్రకి రెండేసి పొత్తులు. ఆయన ట్రాక్టరుతో కోత మొదలెట్టిన వారంలోనే మలిండా బాప్తిస్మం అయింది. ఆ తర్వాతి గురువారం నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనానికి కూచోబోతున్నారు. మలిండా అలవాటు కొద్దీ చిన్న బల్ల దగ్గరికే వెళ్ళింది. కుర్చీ లాగింది. అప్పుడు గుర్తొచ్చింది. ప్లేటు, గ్లాసు, ఫోర్కు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఆ జానెడు దాటి, వాళ్ళమ్మ పక్కకి వెళ్ళింది. తొమ్మిదేళ్ళ రూతీ వాళ్ళ భాషలో ఏదో అడిగింది. మలిండా రొట్టె పళ్ళెం తండ్రివైపు పంపడానికి ఎత్తి, ఆయన చెయ్యి చాపగానే, గుడ్డ మీద పెట్టేసింది. అది ఆమెకి ఇంకా కొత్తే. పళ్ళెం ఒరిగి రొట్టె ముక్క ఒకటి బల్లల సందులో జారి, గుడ్డ మధ్యలో గుంటలా దిగబడింది.

ఎనాస్ ఆ గుంటని చూస్తూ కూచున్నాడు. తినలేదు.

కారులో బియ్యం బస్తా లేదు ఆ రోజు, లవీనా రాలేదు. ఆయన ముందు సీటులో కూచున్నాడు.

"రెండోదానికి పదిహేను" అన్నాడు. "రూతీకి తొమ్మిది."

నేను రోడ్డు చూస్తున్నాను.

"పదేళ్ళు. పదేళ్ళకి ఆ బల్ల దగ్గర నేనొక్కణ్ణే."

కొంతదూరం పోయాక, "బిషప్పు ఇంటి దగ్గర ఆపు" అన్నాడు.

"థెరపీకి ఆలస్యమవుతుంది."

"అవనీ."

"పొలం...?" అన్నాను.

ఆయన కొక్కెంతో మోకాలి మీద ప్యాంటు ముడత సర్దుకున్నాడు. నేను బ్లింకరు వేసి తిప్పాను. ఈసారి సలహా ఏమీ ఇవ్వలేదు. బిషప్పు దొడ్లో గంటా పావు కూచున్నాను. ఇద్దరూ కొట్టం దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. బిషప్పు ఒకసారి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం కనిపించింది. తిరిగొచ్చేటప్పుడు ఎనాస్ ఐవన్ పొలంవైపు చూడలేదు.

కోత పూర్తిచేసి ట్రాక్టరు ఐవన్‌కి అప్పగించాడు. నవంబరు మొదట్లో, అందరి ముందూ మోకాళ్ళ మీద కూచుని తప్పొప్పుకున్నాడు. బిషప్పు చెయ్యి పట్టి లేపి, ముద్దుపెట్టుకుని లోపలికి తీసుకున్నాడట. ఎడమచెయ్యి. ఇంటికొచ్చేసరికి చిన్న బల్ల కొట్టంలోకి వెళ్ళిపోయింది. మలిండా పెళ్ళిలో తండ్రి అందరితో కలిసి తిన్నాడు, గడ్డం వారం రోజులది. మూడు వందల మందికి వడ్డన. ఆయన పొలంవైపున్న కిటికీకి వీపు పెట్టి కూచున్నాడు.

గురువారాల థెరపీ అయిపోయింది. లవీనా నన్ను పిలవడం మానలేదు కాని, పని ఉంటేనే పిలిచేది. ముందు సీటులో కూచునేది.

పొలం ఐవనే కౌలుకి తీసుకున్నాడు. బిషప్పు అభ్యంతరం చెప్పలేదు. పొలం బాప్తిస్మం తీసుకోలేదు కదా, దాని మీద ఎవరి చక్రాలు తిరిగినా సంఘానికి పట్టదు. పూలమొక్కల షెడ్డు కూడా అన్నమాట ప్రకారం కట్టించారు. అందులో ఎనాస్ కూచుని ఒంటిచేత్తో చిన్న చిన్న కుండీల్లో మట్టి నింపుతాడు. నేను రెండు బంతిమొక్కలు కొన్నాను. ధర అడిగితే, "లవీనాకి తెలుసు" అన్నాడు.

ఈ ఏప్రిల్‌లో రూతీని పళ్ళ డాక్టరు దగ్గర్నించి దింపేసరికి మధ్యాహ్నమైంది. లవీనా గుమ్మంలోంచి, "తిని వెళ్ళు" అంది. ఏడాది తర్వాత పిలుపు. వెళ్ళాను. ఒకటే బల్ల. లవీనా నా ప్లేటు పెట్టి, చిక్కుడుగింజల గిన్నె ఎత్తి, నేరుగా ఎనాస్ చేతికే ఇచ్చింది. ఆయన అందుకుంటుంటే గిన్నె కింద ఆమె వేళ్ళు కావాలనే ఒక్క క్షణం ఎక్కువసేపు ఉన్నాయి. ఆయన గడ్డం మూడంగుళాలు పెరిగింది. ఈసారి నెరిసి వచ్చింది.

అందరం తలలు వంచి ప్రార్థన చేసుకుని తినడం మొదలెట్టాం. అప్పుడు పొలంలోంచి వచ్చింది ఆ చప్పుడు. ఐవన్ దుక్కి మొదలెట్టాడు. ఇనప చక్రాలు ఇంటివైపున్న గట్టు దాకా వస్తుంటే అలమరలో పింగాణీ పళ్ళాలు గలగలమన్నాయి. ఎనాస్ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. దవడ కదల్లేదు. లవీనా ఫోర్కు కింద పెట్టింది. పిల్లలు ప్లేట్లలోకి చూస్తున్నారు. నేను నీళ్ళు తాగబోయి మానుకున్నాను.

ట్రాక్టరు గట్టు దగ్గర మలుపు తిరిగి అవతలికి పోయింది. చప్పుడు పూర్తిగా సన్నగిల్లాక ఎనాస్ నమిలి మింగాడు. ఇంకో ముద్ద తీసుకునేసరికి అది మళ్ళీ ఇటు తిరిగింది.

అరవై ఎకరాల పొలం. భోజనం చాలాసేపు పట్టింది.